సీసపు పెట్టెల్లో టమాటా తోట

ఖరగ్‌పూర్‌లో రైల్వే వాళ్ళుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ నేలంతా మొరం. గునపం దించితే చేతులు అదురుతాయే గానీ గుప్పెడు మట్టి లేవదు. వానొస్తే ఎర్రగా కారిపోతుంది, ఎండొస్తే పెంకులా బిగుసుకుంటుంది. అలాంటి నేలలో టమాటాలు పండించి తీరతానని పంతం పట్టి, ఏటేటా నారు పోసి, ఏటేటా భంగపడ్డ మనిషి ఆమోసు. భంగపడినకొద్దీ పంతం ముదిరేది. భార్య ఎలీసమ్మ ఎండిన మొక్కలు పీకి పొయ్యిలో పెట్టుకుంటూ, "ఈ ఏడు గూడా కర్రలే పండినాయి" అని నవ్వేది. ఆమె నవ్వినందుకైనా పండించాలనుకునేవాడు.

అతను పుట్టిందీ పెరిగిందీ ఆ రైల్వే క్వార్టర్లలోనే. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి బాయిలర్ షాపులో కలాసీగా వచ్చి, ఖరగ్‌పూర్‌లోనే పెళ్ళాడి, ఇక్కడే కాలం చేశాడు. ఆమోసు వర్క్‌షాపులో బ్యాటరీ సెక్షన్‌లో చేరాడు. రైలు పెట్టెల్లో దీపాలకీ ఫ్యాన్లకీ కరెంటిచ్చే బ్యాటరీలు అక్కడికి బాగుకు వస్తాయి. వాటిని విప్పడం, లోపలి సీసం పలకలు పైకి తీయడం, పలకలకి పట్టిన బూడిదరంగు పొడి గీకడం, సీసం కరిగించి కొత్తవి పోయడం అతని పని. జీవితంలో సగం ఆ పొడిలోనే గడిచింది.

ఆ సెక్షన్‌లో కడుపునొప్పి లేని మనిషి లేడు. పేగులు మెలిపెట్టినట్టు వచ్చి, చెమటలు పట్టించి పోయే నొప్పి. దాన్ని వాళ్ళు జబ్బనుకోలేదు, ఉద్యోగంలో భాగమనుకున్నారు. సీసం పొడి గొంతులోకి పోతుందనీ, బెల్లం తింటే కిందికి దిగిపోతుందనీ నమ్మకం. సాయంత్రం పని వదిలే భోంపు మోగగానే తలా ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని సైకిళ్ళెక్కేవారు. పాతవాళ్ళ చిగుళ్ళ అంచున నీలంగా సన్నటి గీత ఉండేది. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఆ గీత చూపించి, "ఇది తేలితే గానీ నువ్వు మా మడిసివి కావురా" అని ఆటపట్టించేవారు. చావుని పక్కన కూర్చోబెట్టుకుని పరాచికాలాడటం అంటే అదే. కానీ వాళ్ళకలా అనిపించలేదు.

ఎనభై ఆరులోనో ఎనభై ఏడులోనో ఊరి చివర ఒక కాలేజీలో వ్యవసాయ ప్రదర్శన పెట్టారు. ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక ఆమోసు నేరుగా అక్కడికి పోయాడు. ఒక మూల మట్టి లేకుండా మొక్కలు పెంచి చూపిస్తున్నారు. కింద చేపల తొట్టి, పైన కంకర నింపిన పెట్టె. చిన్న మోటారు తొట్టిలో నీళ్ళు తోడి కంకర మీద పోస్తుంది. చేపల పెంటే మొక్కలకి ఎరువు. కంకరలో వడకట్టుకున్న నీళ్ళు తేటపడి మళ్ళీ చేపల దగ్గరికే దిగుతాయి. పక్కనున్న కుర్రాడు ఇంకా ఏవేవో చెప్పాడు గానీ, మట్టితో పనిలేదన్న ఒక్క మాట దగ్గరే ఆమోసు చెవులు ఆగిపోయాయి.

ఇంటికొచ్చి పెరట్లో సిమెంటు తొట్టి కట్టాడు. కూలరు పంపు సంపాదించాడు. కంకర తెచ్చి పోశాడు. మొక్కలుండే పెట్టెల దగ్గర మాత్రం ఆలోచనలో పడ్డాడు. చెక్కయితే నానిపోతుంది, ఇనుప రేకయితే తుప్పు పట్టిపోతుంది. సరిగ్గా అప్పుడే సెక్షన్‌లో పాత బ్యాటరీ పెట్టెలు పనికిరావని కండెం చేసి స్క్రాపు కింద అమ్మకానికి పెట్టారు. బర్మా టేకుతో చేసిన పొడుగాటి పెట్టెలు. లోపల నాలుగు వైపులా అతుకు తెలియకుండా సీసం రేకు పరిచి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆసిడ్ పోసినా ఒక్క చుక్క కారని పెట్టెలు. ఆమోసుకి దేవుడే పంపినట్టనిపించింది. దొంగతనంగా కాదు, రాజమార్గాన కొని, రిక్షా మీద వేయించుకుని, పూరీ గేట్ మీదుగా ఊరేగింపులా తెచ్చుకున్నాడు.

పక్క బెంచీ మీద పనిచేసే జగ్గారావు ఒక్కడే వాటిని చూసి మొహం ముడుచుకున్నాడు. "సీసం కదరా ఆమోసూ. తినే మొక్కలకి ఇదెందుకు?" అన్నాడు.

"పొడైతే సెడ్డది, పొగైతే సెడ్డది. ఒప్పుకుంతాను. రేకేటి సేస్తాది? ఇరవయ్యేళ్ళు ఆసిడ్‌నే ఆపినాది, ఉత్త నీళ్ళనాపనేదేటి?"

జగ్గారావు తల గోక్కున్నాడు. ఆ మాటకి ఎదురు చెప్పగల మనిషి సెక్షన్ మొత్తంలో లేడు. ఆసిడ్‌కి లొంగని రేకు నీళ్ళకి లొంగుతుందని బ్యాటరీ మనిషికి కలలో కూడా తోచదు. తోచలేదు గనకే ఈ కథ చెప్పాల్సి వచ్చింది.

ఆ చలికాలం పెరడు చూడాలి. పెట్టెల నిండా టమాటా మొక్కలు భుజం ఎత్తున లేచి, కొమ్మకొమ్మకీ గుత్తులు దిగాయి. మొరం మీద పచ్చిక కూడా నిలవని చోట, ఎర్రగా నున్నగా చేతికి బరువుగా తగిలే కాయలు. ఎలీసమ్మ నవ్వడం మానేసి బుట్టలు వెతుక్కుంది. పక్క క్వార్టరు మాలతీ దీదీకి ఒక బుట్ట, జగ్గారావు ఇంటికి ఒకటి, గుడిలో కోత పండగకి మొదటి కోత మొత్తం. పండగనాడు ఆ కాయల్ని వేలం వేస్తే సంఘస్థులు పోటీలు పడి పాడుకున్నారు. ఆమోసు వెనక బెంచీలో కూర్చుని తల వంచుకున్నాడు, నవ్వు ఆపుకోలేక.

మరుసటి వేసవిలో మనవరాలు వచ్చింది. కూతురు స్వర్ణకుమారి భర్త ఖుర్దా రోడ్‌లో గార్డు. అక్కడ ఇల్లు దొరకడం కష్టంగా ఉందని, చదువు ఇక్కడ బాగుంటుందని, ఐదేళ్ళ సూసన్నని తాత దగ్గర వదిలి, సెలవులకి వచ్చి చూసి పోయేవారు. ఆమోసుకి ఆ పిల్లంటే పిచ్చి. కొడుకుల్లేని మనిషి. పొద్దున షాపుకి వెళ్ళేదాకా అది అతని భుజం దిగేది కాదు. సాయంత్రం సైకిలు గంట వినపడగానే గుమ్మంలోకి ఉరికొచ్చేది. ఇద్దరూ కలిసి చేపలకి తవుడు వేసేవారు. పిల్ల మోచేతుల దాకా తొట్టిలో చేతులు ముంచి, ఆ తడి చేతుల్తోనే కాయ తెంపి కొరికేది. రసం గడ్డం మీద కారుతుంటే చూసి తాత మురిసిపోయేవాడు.

"బజారు కాయలకి మందులు కొడతారు. మన కాయకి ఏటీ నేదు. మా సూసి కడుపులోకి సెడ్డదేదీ పోకూడదు" అనేవాడు కనపడిన ప్రతివాడితోనూ.

తొట్టిలో మాగుర్ చేపలు. గాలి లేకున్నా, మురికి నీళ్ళలోనైనా బతికే గట్టి చేప. బెంగాలీలు దాన్ని రోగులకి పెట్టే చేపగా చూస్తారు. రెండో ఏడు ఆ గట్టి చేపలకే ఏదో అయింది. కొన్నింటి తోకలు నల్లబడ్డాయి. కొన్నింటి వెన్ను వంకర తిరిగి, అవి ఒకే వైపుకి తిరుగుతూ ఈదేవి. ఎలీసమ్మ ఒకదాన్ని బొచ్చెలో వేసి తెచ్చి చూపించింది.

"తొట్టి సాలక అలగ మెలికెలు తిరిగిపోయినాయి. కొన్ని తీసి వండీ" అన్నాడు ఆమోసు.

ఆమె వండింది. వంకర తిరిగినవాటినే ముందు ఏరి వండింది, బాగున్నవి ఇంకా పెరుగుతాయని. ఇల్లు జాగ్రత్తగా నడిపే ఏ ఆడమనిషైనా అదే చేస్తుంది.

సూసన్న కడుపు పట్టుకుని ముడుచుకోవడం ఆ వానాకాలంలో మొదలైంది. మొదట నులిపురుగులన్నారు, మందు పోశారు. తగ్గలేదు. పిల్ల పెదాలు పాలిపోయాయి. మెట్టు మీద కాలు తడబడి పడేది. ఊరికే విసుక్కునేది, ఎలీసమ్మ జుట్టు దువ్వబోతే కొరికేది. ఆదివారం బడిలో గడగడ అప్పజెప్పే వాక్యాలు సగంలో ఆగిపోయేవి. ఆగినచోట నోరు తెరుచుకుని, ఎవరైనా వచ్చి అందిస్తారేమోనన్నట్టు అటూ ఇటూ చూసేది. అలా చూస్తున్న పిల్లని చూసి ఎలీసమ్మకి మొదటిసారి భయం పుట్టింది. ఆమోసుకీ పుట్టింది. ఒకరికొకరు చెప్పుకోలేదు.

కడుపునొప్పికి ఆమోసుకి తెలిసిన వైద్యం ఒక్కటే. బెల్లం ముక్క తెచ్చి పిల్ల నోట్లో పెట్టాడు. మాలతీ దీదీ గోడ మీదుగా చూసి తన వైద్యం తను చెప్పింది.

"పిల్లకి రక్తం లేదు దాదా. ఇంట్లో మాగుర్ పెట్టుకుని ఆలోచిస్తారేం? పల్చగా ఝోల్ చేసి రోజూ పెట్టండి. మా పిల్లలంతా జ్వరాల నుంచి దాంతోనే లేచారు. పుల్లపుల్లగా టమాటా రెండు వేస్తే ఎర్రగా రక్తం పడుతుంది."

అది ఆ ఊళ్ళో అందరూ ఎరిగిన మందు. దీదీ మనసు మంచిది, మాట మంచిది, చేప మంచిది. ఆ రోజు నుంచి ఎలీసమ్మ రోజూ మాగుర్ పులుసు కాచింది. పెరటి చేప, పెరటి టమాటా, తొట్టి పక్కనే మొలిచిన కొత్తిమీర. పిల్ల వద్దంటే బతిమాలింది, ఏడిస్తే ముక్కు మూసి పోసింది. తాగించినకొద్దీ పిల్ల వాడిపోయింది. వాడిపోయినకొద్దీ ఇంకో గరిటె ఎక్కువ పోశారు.

చివరికి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నిదానస్తుడు, ముసలివాడు. కడుపు నొక్కి చూశాడు, కనురెప్పలు తిప్పి చూశాడు, నోరు తెరవమన్నాడు. టార్చి వేసి చిగుళ్ళ దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత టార్చి ఆర్పకుండానే ఆమోసు వైపు తిరిగి, నువ్వూ నోరు తెరు అన్నాడు హిందీలో. ఆమోసు తెరిచాడు. ఎలీసమ్మ మొగుడి నోట్లోకీ, మనవరాలి నోట్లోకీ మార్చి మార్చి చూసింది. పాతికేళ్ళ ఉద్యోగం పెట్టిన నీలం గీత, ఆ పాలపళ్ళ చిగుళ్ళ మీద కూడా దారంలా ఉంది.

"నీ పనేంటి?" అని అడిగాడు డాక్టరు.

ఆమోసు చెప్పాడు. డాక్టరు పిల్ల రక్తం తీసి కలకత్తా పంపించాడు. సీసమని తేలింది. బ్యాటరీ పనివాళ్ళ ఇళ్ళలో ఇలా అవుతుందని, బట్టల మీద, జుట్టులో, గోళ్ళలో పొడి ఇంటికొస్తుందని చెప్పాడు. చిన్నపిల్లల మెదడుకి అది పడితే పోయింది తిరిగి రాదని, ఇక మీదట సీసం ఒంట్లోకి పోకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నదని మెల్లగా, మొహం చూడకుండా చెప్పాడు. మందులిచ్చాడు. బలమైన తిండి పెట్టమన్నాడు.

తన చేతుల్తోనే పిల్లని చంపుతున్నానని ఆమోసుకి అర్థమైంది. అర్థమైంది నిజమే. ఎలాగన్నదే తప్పుగా అర్థమైంది.

ఆ మర్నాటి నుంచి అతను ఇంట్లో పరాయివాడయ్యాడు. షాపులోనే స్నానం చేసి, అక్కడి బట్టలు అక్కడే వదిలి, వేరే బట్టలు కట్టుకుని వచ్చేవాడు. తల గుండు చేయించుకున్నాడు. గోళ్ళు రక్తం వచ్చేదాకా కోసుకున్నాడు. ఇంత చేసీ లోపలికి రాకుండా వరండాలో మంచం వేసుకున్నాడు. కంచం వేరు, చెంబు వేరు. సైకిలు గంట వినబడి సూసన్న ఉరికొస్తే చేతులు వెనక్కి పెట్టుకుని, "రాకమ్మా, అక్కడే ఉండు" అనేవాడు. పిల్ల ఆగేది కాదు. ఒకరోజు వచ్చి కాళ్ళకి చుట్టుకుంటే భయంతో విదిలించాడు. అది పడి, లేచి, ఏడవకుండా చూసింది. ఆ తర్వాత ఎలీసమ్మే నేర్పింది: తాతకి సీసముంది, ముట్టుకుంటే నీకు కడుపునొప్పొస్తాది, దూరంగుండాల. పిల్ల నెమ్మదిగా నేర్చుకుంది. కొన్నాళ్ళకి గంట మోగినా లేవడం మానేసింది.

సెక్షన్ మార్పించుకోడానికి ఆమోసు కనపడిన ప్రతి ఆఫీసరు కాళ్ళూ పట్టుకున్నాడు. చివరికి వడ్రంగం షాపుకి వేశారు. గ్రేడు తగ్గినా కిక్కురుమనలేదు. ముట్టుకోలేని మనవరాలికి చేయగలిగింది ఒక్కటే మిగిలింది. పొద్దున లేవగానే పెరట్లోకి పోయి, మొక్కల మధ్య వంగి, అన్నిటికన్నా పండినవి ఏరేవాడు. బలమైన చేప చూసి పట్టేవాడు. అవి గుమ్మం మీద పెట్టి, "ఇది దానికే ఎట్టు. నువ్వు తినకు, నాకెట్టకు" అని భార్యకి చెప్పి వరండాలోకి పోయేవాడు. కిటికీ ఊచల్లోంచి పిల్ల తినడం చూసేవాడు. కంచం ఖాళీ అయితే ఆ రోజుకి తృప్తి.

ఎంత ప్రేమగా పెట్టాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపం అతని మీద కాదు. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను.

ఆరేడు నెలలకి డాక్టరు మళ్ళీ రక్తం పంపించాడు. కాగితం వచ్చాక ఆమోసుని ఒక్కణ్ణే రమ్మన్నాడు. ఆమోసు తెల్ల చొక్కా వేసుకుని, నూనె రాసుకుని పోయాడు. తగ్గిందని చెబుతారనీ, ఇక లోపల పడుకోవచ్చంటారనీ దారి పొడుగునా అనుకున్నాడు.

"పెరిగింది," అన్నాడు డాక్టరు.

ఆమోసు షాపు మారినట్టు చెప్పాడు. వరండా సంగతి చెప్పాడు. పిల్లని ముట్టుకుని ఎన్నాళ్ళయిందో చెప్పాడు.

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే నీ నుంచి కాదు. నీళ్ళెక్కడివి? గోడల రంగులేంటి? పిల్ల ఏం తింటుంది?"

తిండి మాట రాగానే ఆమోసు నిటారుగా కూర్చున్నాడు. తలెత్తి చెప్పుకోగలిగింది అదొక్కటే.

"తిండికి లోటు లేదు సార్. బజారు సరుకు ముట్టనివ్వను. చేప మా తొట్టిలోదే, టమాటా మా పెరట్లోదే. మట్టి కూడా తగలదు. చేపల నీళ్ళతోనే పండుతాయి. మంచి టేకు పెట్టెలు సార్, చుక్క కారవు, లోపల…"

అక్కడ ఆగిపోయాడు. ఆమోసు నోరు తెరిచే ఉంది. అది తన గొంతు కాదన్నట్టు, "లోపల సీసం రేకు" అన్నాడు. వెంటనే చేతులు జోడించి, "అది ఆసిడ్‌నే ఆపింది సార్. ఇరవయ్యేళ్ళు ఆపింది" అన్నాడు.

"ఆ ఆసిడ్ సీసం మీద పెంకు కట్టి దాన్ని కాపాడుతుంది," అన్నాడు డాక్టరు. "చేపల పెంట కుళ్ళిన నీళ్ళలో వేరే పులుపు పుడుతుంది. అది సీసాన్ని కొంచెం కొంచెంగా తింటుంది. ఆ నీళ్ళలో బతికే చేప, ఆ నీళ్ళు తాగే మొక్క, అన్నీ. ముఖ్యంగా ఆ చేప. ఇంటికి వెళ్ళు. ఇప్పుడే వెళ్ళు."

సైకిలు ఎలా తొక్కాడో అతనికి తెలియదు. దీదీ ఇంటికి పంపిన బుట్టలు, జగ్గారావు పిల్లలు, గుడిలో పోటీపడి పాడుకున్న చేతులు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. వాళ్ళు ఎప్పుడో ఒకసారి తిన్నారు. సూసన్న రోజూ తిన్నది. ఏరి ఏరి మంచివే తిన్నది. ఇది భోజనాల వేళ అని గుర్తొచ్చాక ఇంకేమీ తోచలేదు.

వరండా దగ్గర ఆగకుండా చెప్పులతోనే లోపలికి పోయాడు. అన్ని నెలల్లో అతను ఆ గడప దాటడం అదే మొదలు. ఎలీసమ్మ పీట మీద కూర్చుని పిల్లకి కలిపి పెడుతోంది. ఎర్రటి పులుసు, ముల్లు తీసిన చేప. ఆమోసు వంగి కంచం లాగేసి పెరట్లోకి విసిరికొట్టాడు. తిరిగొచ్చి రెండు చేతులూ చాచి పిల్లని ఎత్తుకోబోయాడు.

సూసన్న కెవ్వుమని వెనక్కి జరిగి అమ్మమ్మ వీపు వెనక దూరింది. కొంగులోంచి మొహం మాత్రం బయటపెట్టి, అప్పజెబుతున్నట్టు ఒక్కొక్క మాటే కూడదీసుకుని అంది.

"నన్ను ముట్టకు తాతా. నీకు సీసముంది."

చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఆ పిల్లకి ఇంకే మాటా సరిగ్గా గుర్తుండటం లేదు. అది మాత్రం తప్పులేకుండా చెప్పింది.

"ఏటైనాదండీ? డాక్టరేటన్నాడు?" అంది ఎలీసమ్మ.

ఆమోసు గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. "నా ఒంట్లోది కాదే. పెట్టెల్లోది. రేకు కరిగి నీళ్ళలోకి దిగినాది. సేపలోకి దిగినాది. మనం పిల్లకి మందెట్టనేదు. ఇన్నాళ్ళూ ఆ ఇసాన్నే నేను ఏరి తెచ్చినాను, నువ్వు ఎట్టినావు."

ఎలీసమ్మ కుడి చేతిలో పిల్ల కోసం చేసిన ముద్ద ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, ఆ చేతిని పిల్లకి తగలకుండా దూరంగా చాపి పట్టుకుని, కదలకుండా కూర్చుంది.